తులసిదళం తరువాత ఏం చదవాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లలో భయం పుట్టించే నవలలు ఇష్టపడేవాళ్లను కదిలిస్తే ఎక్కువమంది ఒక్క పుస్తకం దగ్గరే మొదలైనట్టు చెబుతారు. అది యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. ఇంట్లో అమ్మ దాచుకున్న పాత బైండు పుస్తకమో, అద్దె పుస్తకాల అంగట్లో అట్ట ఊడిన కాపీయో, ఈమధ్య అయితే ఫోన్లో విన్న ఆడియోనో, ఏదో ఒక రూపంలో అది చేతికొస్తుంది. చిక్కంతా ఆ తరువాతే. అంతకంటే భయపెట్టేది ఏదైనా ఉంటే చెప్పమని అడుగుతారు. వాళ్లకు పది పేర్లు ఏకరువు పెట్టడం తేలికే. కానీ ఒక పుస్తకం చేతిలో పెట్టే ముందు ఆలోచించాల్సింది దయ్యం ఎంత పెద్దదని కాదు, ఆ పుస్తకం చదువరి మనసులో దేన్ని వదిలిపెట్టి పోతుందని.

తులసిదళం 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చింది. తులసి అనే పసిపిల్ల పేరు మీద పెద్ద ఆస్తి ఉంటుంది. ఆ పిల్ల బతకకపోతే లాభపడేవాళ్లు కొందరుంటారు. వాళ్లు పురమాయిస్తే కాష్మోరా అనే క్షుద్రశక్తి ఆ పిల్ల మీదికి వస్తుంది. ఒకవైపు వైద్యం, హిప్నాటిజం, ఇంకోవైపు మంత్రం, మధ్యలో గంటలు లెక్కపెట్టుకునే తల్లిదండ్రులు. దీని కొనసాగింపు ‘తులసి’ ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ సినిమా వచ్చింది. అంతకు ముందే 1985లో కన్నడంలో ‘తులసిదళ’ వచ్చింది కాబట్టి, మన కర్ణాటక సరిహద్దుకు అటుపక్క వాళ్లకూ ఈ కథ కొత్తది కాదు.

విలియం పీటర్ బ్లాటీ 1971లో రాసిన ‘ది ఎక్సార్సిస్ట్’తో దీన్ని పోల్చడం అప్పటి నుంచీ ఉన్నదే. రెండింట్లోనూ మంచం మీద ఆడపిల్లే, దిక్కుతోచని డాక్టర్లే. కానీ నాకు పోలిక కంటే తేడానే ముఖ్యంగా కనిపిస్తుంది. బ్లాటీ నవలలో దయ్యం దానంతట అది వస్తుంది, దాని పోరు దేవుడితో, విశ్వాసం సడలిన ఒక పూజారితో. యండమూరి నవలలో దయ్యాన్ని ఎవరో పంపిస్తారు. వెనకాల ఆస్తి ఉంటుంది, కాగితాలు ఉంటాయి, మంచిగా పలకరిస్తూ తిరిగే మనుషులు ఉంటారు. మన సీమలో తెల్లారి వాకిలి ఊడ్చబోతే గడప ముందు కుంకుమ పూసిన నిమ్మకాయ కనిపించిందనుకోండి. ఇంటి ఇల్లాలు ముందు భయపడేది నిమ్మకాయను చూసి కాదు. ఎవరు పెట్టుంటారని ఆలోచిస్తుంది. పంపకాల్లో పడనివాళ్లు, గట్టు తగాదా ఉన్నవాళ్లు, పిల్లనిస్తామని మానుకున్నవాళ్లు, అందరూ వరుసగా గుర్తొస్తారు. ఆ అనుమానం నాడిని యండమూరి సరిగ్గా పట్టుకున్నారు. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ నవల చెయ్యి మారుతూనే ఉందంటే కారణం అదే.

దాని దోషం కూడా అక్కడే ఉంది. చేతబడి జరిగే తీరును రచయిత ఎంత నిక్కచ్చిగా, ఎంత వివరంగా చెబుతారంటే, కథ మరిచిపోయినా ఆ వివరం మాత్రం సమాచారంలాగా బుర్రలో ఉండిపోతుంది. రంగనాయకమ్మ గారి వంటివారు ఆనాడే ఈ నవల మీద నిప్పులు చెరిగారు. మూఢనమ్మకాన్ని అమ్ముకుంటున్నారన్నది విమర్శ. ఆ విమర్శలో సగం నాకు ఒప్పే. మిగతా సగం ఎందుకు ఒప్పుకోలేనో చెప్పాలంటే మదనపల్లెకు రావాలి.

నవలను ఎలా చదవాలో తెలుగువాళ్లకు నేర్పిన విమర్శకుల్లో ఒకరు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారు. ‘నవలాశిల్పం’ ఆయనదే. ‘కథాశిల్పం’కు 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కథ ఎవరి కళ్లతో చూస్తున్నాం, ఆ చూపును రచయిత ఎక్కడ మారుస్తున్నాడు, వాతావరణం కథను మోస్తోందా, ఉత్తి అలంకారమా అని అడగడం ఆయన తరం విమర్శ మనకు అలవాటు చేసింది. హారర్ నవలకు ఈ ప్రశ్నలు మరీ పనికొస్తాయి. కథలో దయ్యం నిజంగా ఉందా, లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఆ దయ్యాన్ని కోరుకునే మనిషిని పుస్తకం ఎంత దగ్గరగా చూపించింది, ఆ కోరికకు అతను చెల్లించిన ధరను దాచిందా, చెప్పిందా అన్నదే ప్రశ్న.

ఈ ఊరికి ఇది పుస్తకాల వరకే ఆగిన సంగతి కూడా కాదు. 2021 జనవరిలో మదనపల్లెలో, చదువూ ఉద్యోగమూ ఉన్న ఒక ఇంట్లో, పోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న నమ్మకం ఇద్దరు ఆడపిల్లల ప్రాణాలు తీసిందన్న వార్తను దేశమంతా నిర్ఘాంతపోయి విన్నది. ఎవరి పేర్లూ ఇక్కడ అక్కర్లేదు. కానీ ఆ తరువాత ఈ ఊళ్లో కూర్చుని క్షుద్రపూజల నవలను కాలక్షేపంగా చదవడం నావల్ల కాలేదు. అలాగని భయం పుట్టించే పుస్తకాలే వద్దనడం కూడా నాకు సబబుగా తోచదు. ఎందుకంటే ఈ కోరికను, చనిపోయిన మనిషిని వెనక్కి తెచ్చుకోవాలన్న ఆశను, నేను చదివినవాటిలో అన్నిటికంటే నిజాయితీగా చూసింది ఒక హారర్ నవలే.

స్టీఫెన్ కింగ్ 1983లో అచ్చువేసిన ‘పెట్ సెమెటరీ’ అది. కథానాయకుడు లూయిస్ క్రీడ్ డాక్టరు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊరికి పెళ్లాం బిడ్డలతో కాపురానికి వస్తాడు. ఇంటి ముందే రోడ్డు, దాని మీద రాత్రీ పగలూ లారీలు. ముందు కూతురు పెంచుకున్న పిల్లి చస్తుంది. పొరుగింటి ముసలాయన అడవిలో ఒక చోటు చూపిస్తాడు. అక్కడ పూడ్చినది తిరిగొస్తుంది. పిల్లి వస్తుంది కానీ, దాని ఒంటి నుంచి మట్టివాసన పోదు, దాని చూపులో పాత పిల్లి లేదు. పట్టిన ఎలుకతో ఆడుకుని చంపే తీరు కూడా మారిపోతుంది. డాక్టరు అంతా చూస్తాడు, అంతా తెలుసుకుంటాడు. తరువాత అదే రోడ్డు మీద పసికొడుకు లారీ కింద పడతాడు.

నవలలో అసలు భయం ఆ చోటుదీ కాదు, తిరిగొచ్చినదానిదీ కాదు. కొడుకును తవ్వి తీసుకుపోవాలా వద్దా అని డాక్టరు తనతో తాను చేసుకునే వాదనది. ఒక్కో మెట్టూ తర్కంతోనే దిగుతాడు. ‘ఒకవేళ వాడు సరిగ్గానే వస్తే?’ ‘సరిగ్గా రాకపోతే అప్పుడు చూసుకోవచ్చు కదా?’ చదువు అతన్ని ఆపకపోగా, మంచి మంచి కారణాలు అందిస్తుంది. కింగ్ కూతురి పిల్లి ఇలాగే రోడ్డు మీద చచ్చిందనీ, ఆయన పసికొడుకు అదే రోడ్డు వైపు పరుగెత్తిన రోజు ఒకటుందనీ, రాసిన తరువాత చాలాకాలం ఆ నవలను అచ్చుకివ్వకుండా పక్కన పెట్టారనీ ఆయనే చెప్పుకున్నారు. ఈ నవలలో చనిపోయినవాళ్లు నిజంగానే లేస్తారు. అయినా చదివినవాడికి తాయెత్తు మీద నమ్మకం పెరగదు. దుఃఖం మనిషి చేత ఏమేం చేయిస్తుందో తెలిసి వణుకు పుడుతుంది. దయ్యం ఉన్న కథ మూఢనమ్మకాన్ని పెంచుతుందనీ, దయ్యం లేని కథ వివేకాన్ని పెంచుతుందనీ గీత గీయడం కుదరదని నేను అనేది ఇందుకే. తులసిదళం చదివి ఇంగ్లీషు నవల చదవగలిగిన ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఇంట్లో పసిబిడ్డ పోయిన బాధ పచ్చిగా ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు.

తెలుగులోనే కావాలనేవాళ్లకు దారి కాస్త ఇరుకు. యండమూరిదే ‘అష్టావక్ర’ ఉంది, కానీ తులసిదళం పట్టు దానికి లేదు. లల్లాదేవి ‘శ్వేతనాగు’, 2004లో సౌందర్య నటించిన సినిమాగా వచ్చింది, పాముల మీద మనకున్న భయభక్తులను బాగా వాడుకున్న నవల. మధుబాబు ‘కాళికాలయం’, ‘కంకాళ లోయ’ పేర్లు చూసి హారర్ అనుకుంటారు గానీ, వాటి బలం సాహసంలో ఉంది, భయంలో కాదు. పన్నెండేళ్ల పిల్లలకు ఇవ్వాలంటే చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలకు మించినవి ఈనాటికీ కనబడవు. ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’. చిత్రా గారి బొమ్మలతో సహా దొరికితే మరీ మంచిది. సినిమాల్లో ‘మసూద’, ‘విరూపాక్ష’ వంటివి ఈ నాలుగైదేళ్లలో భయాన్ని కొత్తగా పట్టుకున్నాయి. నవల మాత్రం ఆ పరుగు అందుకోలేదు. వారపత్రికల ధారావాహికలు తగ్గిపోయాక వారం వారం ఊపిరి బిగబట్టించే విద్య కూడా వాటితోపాటే సన్నగిల్లింది.

ఒక సాయంత్రంలో అయిపోయేది కావాలంటే నవల కాకపోయినా రవీంద్రనాథ్ టాగూర్ 1895లో రాసిన ‘క్షుధిత పాషాణం’ చదవాలి. జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది మదనపల్లె బీసెంటు కాలేజీలో ఉన్నప్పుడని, 1919 ఫిబ్రవరి చివర్లో ఆయన అక్కడ బస చేశారని ఈ ఊళ్లో పిల్లలక్కూడా తెలుసు. అదే మనిషి భారతీయ భాషల్లోకెల్లా గొప్ప దయ్యం కథల్లో ఒకటి రాశారన్నది మాత్రం అంతగా చెప్పుకోం. కథ జరిగేది నిజాం రాజ్యంలో. పత్తి సుంకం వసూలుకు వచ్చిన ఉద్యోగి నది ఒడ్డున పాడుబడ్డ పాలరాతి మహల్లో దిగుతాడు. పగలు లెక్కలు చూసుకునే మనిషి, చీకటి పడితే ఆ రాళ్లలో ఇంకిపోయిన పాత కోరికలకు లోబడిపోతాడు. పొద్దున్నే ఒక పిచ్చివాడు, అంతా అబద్ధమని అరుస్తూ మహలు చుట్టూ తిరుగుతుంటాడు. కథ కీలకానికి వచ్చేసరికి రైలు వస్తుంది, చెప్పేవాడు ఎక్కి వెళ్లిపోతాడు. తెలియనిది తెలియనట్టే ఉండిపోతుంది. ఏ మంత్రమూ విప్పి చెప్పకుండా ఇంత భయపెట్టవచ్చని మన రచయితలు ఇక్కడ నేర్చుకోవచ్చు.

అదే పనిని నవలంత పొడవునా చేసి చూపించింది షర్లీ జాక్సన్, 1959లో, ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’తో. మంచాన పడ్డ తల్లికి ఏళ్ల తరబడి సేవ చేసి, ఆమె పోయాక అక్కా బావల ఇంట్లో ఒదిగి బతుకుతున్న ఎలినార్ అనే పెళ్లికాని ఆడమనిషి, ఒక పరిశోధకుడు పిలిస్తే హిల్ హౌస్ అనే ఇంటికి వస్తుంది. తనకంటూ ఇల్లు లేని మనిషిని ఒక ఇల్లు రమ్మని పిలవడమే కథ. అందులో ఒక రాత్రి ఉంది. చీకట్లో పక్క గోడ అవతల పసిపిల్ల ఏడుస్తున్నట్టు వినిపిస్తుంది. ఎలినార్ భయంతో పక్క మంచం మీది స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. ఎముకలు తెలిసేంత గట్టిగా. ఇక భరించలేక అరుస్తుంది. దీపం వెలుగుతుంది. చూస్తే స్నేహితురాలు అంత దూరాన తన మంచం మీద అప్పుడే నిద్రలేచి కూర్చుంటోంది. మరి అంతసేపూ పట్టుకున్న చెయ్యి ఎవరిది? జాక్సన్ జవాబు చెప్పదు. ఆ ఘట్టంలో ఒక్క రక్తపు బొట్టు లేదు, కనీసం ఒక ఆకారం లేదు. వల్లంపాటి గారి ప్రశ్న ఇక్కడ వేసి చూడండి. మనం అంతా ఎలినార్ కళ్లతోనే చూస్తున్నాం, ఆ కళ్లను ఎంతవరకు నమ్మాలో తెలియదు. ఇంటిపని చేసీ చేసీ తనకంటూ ఏమీ మిగలని ఆడవాళ్లు మన కుటుంబాల్లో తక్కువేం కాదు. అందుకే ఈ నవల అమెరికా కథలా అనిపించదు. కింగ్ ‘ది షైనింగ్’ (1977) కూడా ఈ కోవలోదే. మంచులో చిక్కుకున్న కొండ మీది హోటలు, మానినా తాగుడు పట్టు వదలని తండ్రి. చలికాలంలో హార్స్‌లీ హిల్స్ మీద పొగమంచు దిగాక అతిథిగృహం వరండాలో కూర్చున్నవాళ్లకు ఆ హోటలు గురించి వేరే వర్ణించి చెప్పనక్కర్లేదు.

ఇదంతా ఇంటి లోపలి భయం. కుప్పం వైపు వెళ్తే భయం బయట ఉంటుంది. అది నిజం కూడా. 1980ల్లో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చి ఇక్కడే నిలిచిపోయాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటి నుంచి అడవి అంచు పల్లెల్లో వరి కంకి పట్టే కాలం, చెరకు తీపెక్కే కాలం, రాత్రి కాపలా కాలం ఒక్కటే. మంచె మీద టార్చిలైటు పట్టుకుని కూర్చున్న రైతు వినేది ఏనుగు అడుగుల చప్పుడు కాదు. అంత పెద్ద జంతువు నడిచినా చప్పుడు రాదు. ముందు కుక్కలు అరవడం మానేస్తాయి. తరువాత ఎక్కడో అరటి మట్ట విరిగిన శబ్దం. అంతలో మంద మడిలో ఉంటుంది. టపాసులు కాలుస్తారు, డబ్బాలు కొడతారు, పొద్దున పోయిన పంటను లెక్కపెట్టుకుంటారు. మంద కంటే ఒంటరిగా తిరిగే ఏనుగుకే ఎక్కువ భయపడతారు. ఈ రాత్రుల మీద తెలుగులో ఒక పెద్ద నవల రాలేదన్నది నాకున్న పెద్ద వెలితి.

దీనికి దగ్గరగా వెళ్లేవి రెండు ఉన్నాయి. ఒకటి కెన్నెత్ ఆండర్సన్ రాసిన వేట కథలు. బెంగళూరులో ఉండి దక్షిణాది అడవులన్నీ తిరిగిన ఈయన 1954లో అచ్చువేసిన ‘నైన్ మ్యాన్ ఈటర్స్ అండ్ వన్ రోగ్’లో అప్పటి మన చిత్తూరు జిల్లా చామల లోయలో మనుషుల్ని తిన్న పులి కథ ఉంది. కుప్పానికి పడమట హోసూరు అవతలి అడవుల్లోని గుమ్మలాపురం చిరుతపులి కథ ఉంది. పొద్దుగుంకకుండానే తలుపులు బిగించుకుని, అర్ధరాత్రి గడ్డి కప్పు మీద గీరుతున్న గోళ్ల చప్పుడు విన్న పల్లెజనం అందులో ఉన్నారు. దొరగారి చూపు అక్కడక్కడా గుచ్చుకుంటుంది, అది మరిచిపోకూడదు. అయినా ఆయనకు ఆ దారులు తెలుసు, ఆ మనుషుల భయం తెలుసు. కన్నడంలో పూర్ణచంద్ర తేజస్వి అంతటి రచయిత వీటిని తన భాషలో తిరిగి చెప్పారంటే వాటి విలువ ఊహించుకోవచ్చు.

రెండోది తెలుగు నవలే, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’, 2019. కడప జిల్లా రచయిత. దీన్ని ఎవరూ హారర్ అల్మరాలో పెట్టరు. కరువుకాలంలో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కిన కాపర్లతో, చదువుకుని ఉద్యోగం రాని ఒక కుర్రవాడు వెళ్తాడు. రాత్రి గొర్రెల చుట్టూ మంటలు వేసుకుని పడుకోవడం, మంద ఒక్కసారిగా బిర్రబిగుసుకుపోవడం, ఏ పొదలో పులి ఉందో తెలియక గొంతు తడారిపోవడం, ఇవన్నీ రచయిత గొర్రెల కాపరి మాటల్లోనే చెప్పారు. ఆ కుర్రవాడి భయం పేజీలు గడిచేకొద్దీ మారుతుంది. ముందు పులి అంటే భయం, తరువాత పులిని తెలుసుకోవడం, ఆ తరువాత నగరానికి వెళ్లి ఇంటర్వ్యూలో కూర్చోవడానికి కూడా అదే ధైర్యం పనికిరావడం. తెలుగులో భయం గురించి ఈమధ్య వచ్చినవాటిలో ఇంతకంటే మంచి పుస్తకం నేను చదవలేదు. తెలుగు మాత్రమే చదివే కుప్పం కుర్రవాడు అడిగితే నేను రెండోసారి ఆలోచించకుండా దీన్నే ఇస్తాను. మన ప్రాంతపు భాష, మన ప్రాంతపు కరువు అందులో ఉన్నాయి. సినిమా చూశాం కదా అనేవాళ్లు నవల చదివి తీరాలి. సినిమాలో పులి కనిపిస్తుంది. నవలలో చాలా పేజీలు అది కనిపించదు, కనిపించకపోవడంలోనే ఉంది పస.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోటు. అక్కడి చదువరికి ఇంకో లాభముంది. తమిళం చదవగలిగినవాళ్లకు ఇందిరా సౌందరరాజన్ నవలలు ఉన్నాయి. ఆయన ‘మర్మదేశం’ టీవీలో వచ్చిన రోజుల్లో చీకటి పడ్డాక పిల్లలు ఒంటరిగా పెరట్లోకి పోలేదని ఆ తరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. గుడి, కావలి దేవుడు, ఊరు దాచిన పాపం, ఈ మూడింటినీ ఆయన ముడివేసే తీరు మన జాతరల ఊళ్లకు చాలా దగ్గర. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర చూసినవాళ్లకు ఆ కథల్లోని అమ్మవారి ఉగ్రం వింతగా తోచదు.

ఇక్కడే నాకు కష్టంగా అనిపించేది ఒకటుంది. 1990ల్లో బెంగళూరు పేటల్లో తలుపుల మీద ‘నాళె బా’ అని రాశారు. తెలుగు పల్లెల్లో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాశారు. ఒక దయ్యం వదంతి ఏ అనువాదకుడి సాయమూ లేకుండా రెండు భాషలు తిరిగింది, చివరికి 2018లో హిందీ సినిమా కూడా అయింది. మంచి భయం నవల మాత్రం ముప్పై మైళ్ల అవతలి భాష నుంచి మన దాకా రావడానికి ఏళ్లు పడుతోంది, చాలాసార్లు రానే రావడం లేదు. ఫలితంగా ఇంగ్లీషు వచ్చిన పిల్లలకు జాక్సన్, కింగ్ దొరుకుతున్నారు. తెలుగే చదివే పిల్లలకు అవే క్షుద్రపూజల నవలలు, మళ్లీ మళ్లీ అచ్చైనవి, దొరుకుతున్నాయి. నమ్మకం మీద ప్రశ్న లేవనెత్తే పుస్తకం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందడం లేదు. ద్రావిడ భాషల కోసమే 1997లో ఏర్పడిన విశ్వవిద్యాలయం కుప్పంలో ఉంది. నాలుగు భాషలూ తెలిసిన విద్యార్థులు అక్కడికి వస్తారు. వాళ్లలో ఒకరు హిల్ హౌస్‌ను, ఇంకొకరు ఇందిరా సౌందరరాజన్‌ది మంచి నవల ఒకదాన్ని తెలుగు చేసి, మదనపల్లె, పుంగనూరు శాఖా గ్రంథాలయాల బల్ల మీదికి చేర్చగలిగితే, తులసిదళం చదివి ముగించిన పదిహేడేళ్ల పిల్ల లైబ్రేరియన్‌ను అడగగానే ఆయన లేచి అల్మరా తెరవడానికి అక్కడ ఏదో ఒకటి ఉంటుంది.